గవ్వ పచ్చి మాంసం తిన్న రాత్రి ఫోనెత్తిన ఆసుపత్రి

ఈ పశువైద్యశాల మా కుక్కపిల్ల గవ్వకు యాంటీబయాటిక్ రాయలేదు. ఇంట్లో వాంతి చేయించమనలేదు. రోజంతా కడుపు మాడ్చమనలేదు. వాళ్లు చేయని ఈ మూడు పనుల కోసమే ఇంత పొడవైన అభిప్రాయం రాస్తున్నాను. ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను ఫార్మసిస్టుగా పనిచేశాను. మందుల చీటీ చేతికొస్తే అందులో ఏముందో చూసినంత శ్రద్ధగా ఏది లేదో కూడా చూడడం నాకు అలవాటు. భయపడుతూ వచ్చిన మనిషి చేతిలో ఏదో ఒక మందు పెట్టి పంపడం చాలా సులువు. పెట్టకుండా, ఎందుకు పెట్టడం లేదో విడమరిచి చెప్పి పంపడానికి ఓపిక కావాలి. ఆ ఓపిక నాకు ఇక్కడ కనిపించింది.

గవ్వకు ఇంకా మూడు నెలలు నిండలేదు. నాలుగు కిలోల బరువు కూడా ఉండదు. కరగడానికి బయట పెట్టిన కోడిమాంసం ట్రేను కిందికి లాగి, ఎముకతో ఉన్న రెక్క ముక్కను, దానితోపాటు కొంత మెత్తటి మాంసాన్ని మేము చూసేలోపే తినేసింది. ఇంట్లో అందరూ ఒక్కసారిగా కంగారుపడ్డారు. రాత్రి పొద్దుపోయింది. మొదట మరో చోటికి ఫోన్ చేశాం. అవతలి మనిషి ఒక్క ప్రశ్న కూడా అడగకుండా, "ఉప్పునీళ్లు పట్టించండి, కక్కేస్తుంది" అని పెట్టేశారు. ఆ సలహా నాకు మింగుడుపడలేదు. అంత చిన్న ఒంట్లోకి ఒక్కసారిగా అంత ఉప్పు వెళితే రక్తంలో సోడియం పెరిగిపోతుంది. వణుకు, మూర్ఛ రావచ్చు, ప్రాణం మీదికే రావచ్చు. అప్పుడు ఈ ఆసుపత్రి రాత్రి నంబరుకు చేశాం.

ఫోనెత్తింది రాత్రి విధుల్లో ఉన్న నర్సు. నేను ఉప్పునీళ్ల సంగతి ఎత్తగానే, "వద్దమ్మా, ఉప్పు వద్దు, హైడ్రోజన్ పెరాక్సైడ్ కూడా వద్దు, గొంతులో వేలు పెట్టొద్దు" అన్నారు. పెరాక్సైడ్ కడుపు లోపలి పొరను పుండు చేస్తుందట. ఎముక తిన్న పిల్లతో కక్కిస్తే అది పైకి వస్తూ అన్నవాహికను గీరవచ్చు; కక్కినది ఊపిరితిత్తుల్లోకి జారవచ్చు. కక్కించడం నిజంగా అవసరమైతే ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చి, దగ్గరుండి చేయించాలి తప్ప ఇంట్లో కాదని స్పష్టంగా చెప్పారు.

ఆ తర్వాత ఆవిడ అడిగిన ప్రశ్నలే ఈ సేవలో అసలైన విలువ. కాబట్టి వాటిని వివరంగానే రాస్తాను.

"ఊపిరి సరిగ్గా తీసుకుంటోందా? దగ్గుతోందా, మెడ చాచి గుటకలు మింగుతోందా, చొంగ కారుతోందా?" ఇది మొదటి ప్రశ్న. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా మిగతా ప్రశ్నలు ఆపి బయలుదేరమనేవారట. ఎముక గొంతులోనో అన్నవాహికలోనో ఇరుక్కుంటే కనిపించే గుర్తులవి. గవ్వ మాత్రం ట్రే ఉన్న వైపే చూస్తూ తోక ఊపుతోంది.

తర్వాత ఏ మాంసమని అడిగారు. కోడిమాంసం అంటే, "పంది మాంసం కాదు కదా?" అని మళ్లీ రెట్టించారు. ఎందుకని అడిగితే విసుక్కోకుండా చెప్పారు. పచ్చి పంది మాంసం ద్వారా ఆజెస్కీ వ్యాధి అనే వైరస్ జబ్బు కుక్కలకు సోకుతుంది, సోకితే దాదాపుగా బతకవు. ఆ వ్యాధి అన్ని చోట్లా లేకపోయినా అడగక తప్పదన్నారు. కాలేయం, ఊపిరితిత్తుల వంటి లోపలి భాగాలు తిన్నదా అనీ అడిగారు. వాటిలో బద్దెపురుగుల తిత్తులు ఉండవచ్చు, అలాంటప్పుడు నట్టల మందు విషయం వేరేగా ఆలోచించాలి. మాంసం గడ్డకట్టి ఉన్నదే కదా, క్రిములన్నీ చచ్చి ఉంటాయి కదా అని మా అబ్బాయి పక్కనుంచి అన్నాడు. గడ్డకట్టిస్తే పురుగులు చాలా వరకు చస్తాయి గాని సాల్మొనెల్లా వంటి బ్యాక్టీరియా చావదు, మళ్లీ కరగగానే పెరగడం మొదలుపెడుతుంది అన్నారు ఆవిడ.

మసాలా పట్టించారా అన్నది మరో ప్రశ్న. నాకు ఇది బాగా నచ్చింది, ఎందుకంటే చాలామందికి ఈ ఆలోచనే రాదు. ఉల్లి, వెల్లుల్లి కుక్కల ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. ఆ దెబ్బ వెంటనే తెలియదు. కొన్ని రోజులు పోయాక చిగుళ్లు పాలిపోవడం, మూత్రం ఎర్రగానో గోధుమ రంగులోనో రావడం మొదలవుతుంది. అప్పటికి ఇంట్లోవాళ్లు మాంసం సంగతే మరిచిపోయి ఉంటారు. మాది ఏమీ కలపని మాంసం కాబట్టి ఆ భయం లేదు.

అప్పుడు వచ్చింది ట్రే ప్రస్తావన. "ట్రే, పైన చుట్టిన ప్లాస్టిక్, మాంసం కింద రసం పీల్చడానికి వేసే మెత్తటి పొర, మూడూ నేల మీద పరిచి, చిరిగిన ముక్కలు కలిపి చూడండమ్మా. ఏదైనా తక్కువైందా?" పొరలో ఒక మూల లేదు. మా కోడలు టార్చి పట్టుకుని నేలంతా వెతికితే అల్మరా కింద దొరికింది. తెచ్చి పక్కన పెట్టి చూస్తే అంచులు సరిగ్గా కలిశాయి. ఫోనులో ఆవిడ నిట్టూర్చడం నాకు వినిపించింది. పచ్చి మాంసం కంటే ఆ పొరే తనకు ఎక్కువ భయమన్నారు. తడి తగిలితే ఉబ్బేలా తయారుచేసిన వస్తువది. పేగుల్లోకి వెళితే కదలకుండా అడ్డుపడవచ్చు. పైగా ఎముకలా ఎక్స్‌రేలో తేటగా కనిపించదు. మాంసాన్ని కట్టే దారం మింగితే అది ఇంకా ప్రమాదం. ఒక కొస ఎక్కడో చిక్కుకుంటే మిగతా దారం పేగును కుచ్చులు కుచ్చులుగా లాగి కోసేస్తుంది. అలాంటి దారం కొస నోటి నుంచో వెనక నుంచో కనిపించినా లాగవద్దని చెప్పారు. ఆ ముక్క దొరక్కపోయి ఉంటే అప్పటికప్పుడే రమ్మనేవారు, తిని ఎక్కువసేపు కాలేదు కాబట్టి వాళ్ల దగ్గరే కక్కించేవారు.

చివరగా బరువు, వయసు, టీకాల సంగతి అడిగారు. మొదటి టీకా అయింది, తర్వాతివి ఇంకా ఉన్నాయి. ఈ జవాబును ఆవిడ రెండుసార్లు నిర్ధారించుకున్నారు. అది ఎందుకో నాకు మరునాడు గాని తెలియలేదు.

ఇక ఇంట్లో ఎలా కనిపెట్టుకుని ఉండాలో చెప్పారు. ఆరోగ్యంగా ఉన్న కుక్క కొద్దిగా పచ్చి మాంసం తింటే చాలాసార్లు ఏమీ కాదు. దాని కడుపులోని ఆమ్లం గట్టిది. పిల్లకు మాత్రం రోగనిరోధక శక్తి ఇంకా పూర్తిగా కుదురుకోదు, ఒంట్లో నీటి నిల్వా తక్కువే, అందుకే జాగ్రత్త. బ్యాక్టీరియా వల్ల ఇబ్బంది వస్తే సాధారణంగా 6 నుంచి 72 గంటల్లో బయటపడుతుంది. అందుకని మూడు రోజులు గమనించాలి. చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. చిగుళ్లు జిగటగా, ఎండిపోయినట్టు ఉండకూడదు. ఒంటి వేడి 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటే మామూలే. 103 దాటితే ఫోన్ చేయాలి, 104 అయితే చేయకుండానే వచ్చేయాలి. ఆగని వాంతులు, తాగిన నీళ్లు కూడా నిలవకపోవడం, విరేచనంలో రక్తం, పొట్ట గట్టిపడి ఉబ్బడం, ముక్కుతున్నా విరేచనం కాకపోవడం, పిలిచినా లేవకపోవడం: వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగొద్దన్నారు.

పస్తు పెట్టాలా అని నేనే అడిగాను. పెద్ద కుక్కలకు ఒక పూట మానేయమనడం నేను విని ఉన్నాను. "ఇంత చిన్న పిల్లకు వద్దు. రక్తంలో చక్కెర పడిపోతుంది. తూలుతుంది, నీరసించి పడిపోతుంది. ఎప్పుడూ తినేదే కొంచెం కొంచెంగా ఎక్కువసార్లు పెట్టండి. నీళ్లు అందుబాటులో ఉంచండి. పాలు మాత్రం వద్దు" అన్నారు. మనుషుల మందులేవీ ఇవ్వొద్దని కూడా చెప్పారు గాని, అది నాకు చెప్పాల్సిన పని లేదు. ఐబూప్రొఫెన్, పారాసెటమాల్ కుక్కలకు ఎంత చేటు చేస్తాయో తెలుసు. విరేచనాలు ఆపే మాత్రలు వేస్తే బయటికి పోవలసిన క్రిమి లోపలే ఉండిపోతుంది. మందుల దుకాణంలో నిలబడి "మా కుక్కకు" అంటూ ఈ మాత్రలు అడిగినవాళ్లను నేను ఎందరినో వెనక్కి పంపాను.

మరునాడు గవ్వకు విరేచనం పలచగా అయింది. రక్తం లేదు, ఆడుకుంటూనే ఉంది. అయినా తీసుకువెళ్లాం. చూసింది ఒక యువ పశువైద్యురాలు. ఆవిడ మొట్టమొదట చేసింది మాంసం కథను పక్కన పెట్టడం. "మాంసం తిన్నది కాబట్టి విరేచనాలు మాంసం వల్లే అనుకుంటాం. టీకాలు పూర్తికాని పిల్లలో పార్వో వైరస్ లేదని తేల్చుకోకుండా నేను అలా అనుకోలేను" అన్నారు. రాత్రి నర్సు టీకాల గురించి అంతగా గుచ్చి అడగడం దీనికేనని అప్పుడర్థమైంది. పార్వో అంటే కుక్కపిల్లలకు వాంతులు, విరేచనాలు తెచ్చి ప్రాణం తీయగల అంటువ్యాధి. అది ఒంట్లో చేరాక బయటపడడానికి కొన్ని రోజులు పడుతుంది. ఎప్పుడో సోకినది సరిగ్గా మాంసం తిన్న మరునాడే బయటపడితే, నింద మాంసం మీద పడి అసలు చికిత్స ఆలస్యమవుతుంది. విరేచనంతో అక్కడికక్కడే చేసే పరీక్ష చేశారు. పార్వో లేదని తేలింది. సూక్ష్మదర్శిని కింద నులిపురుగుల గుడ్ల కోసం చూశారు, అవీ లేవు. పొట్ట చేత్తో తడిమి, ఎక్స్‌రే తీసి, ఎముక ముక్కలు ఎక్కడున్నాయో తెర మీద నాకు చూపించారు. చిన్నచిన్నవి, ఎక్కడా ఆగకుండా కిందికి సాగుతున్నాయి. ఉడికించిన ఎముక పెళుసెక్కి చీలికలుగా విరుగుతుంది, పచ్చి ఎముక దానికంటే నయం. అలాగని పచ్చి ఎముక క్షేమమని అనుకోవద్దు, అదీ అడ్డుపడగలదు, పళ్లు విరగ్గొట్టగలదు అని కూడా చెప్పారు.

సాల్మొనెల్లా ఉందో లేదో ప్రయోగశాల పరీక్ష చేయిద్దామా అని అడిగాను. జ్వరం గాని, రక్తం గాని ఉంటే, లేదా ఇంట్లో మనుషులకు విరేచనాలు మొదలైతే తప్పకుండా చేయిద్దామన్నారు. అవేవీ లేనప్పుడు ఫలితం ఏదైనా చేసే చికిత్స ఒకటేనట. యాంటీబయాటిక్ సంగతీ అంతే. చురుగ్గా ఉన్న పిల్లకు ఇలాంటి విరేచనాలు చాలా వరకు వాటంతటవే తగ్గుతాయి. ఆ మందు పేగుల్లోని మంచి బ్యాక్టీరియాను కూడా చంపుతుంది, సాల్మొనెల్లా అయితే అది విరేచనంలో బయటికి వచ్చే కాలాన్ని పొడిగించవచ్చు, మందుకు లొంగని క్రిములను పెంచుతుంది. ఈ మాటలు విన్నప్పుడు నాకు కలిగిన తృప్తి మామూలుది కాదు. నా ఉద్యోగకాలమంతా జలుబుకు యాంటీబయాటిక్ అడిగేవాళ్లతో నేను చేసిన వాదన ఇదే. చీటీలో రాసిందల్లా పేగులకు మేలుచేసే బ్యాక్టీరియా ఉన్న ఒక ప్రొబయాటిక్ పొడి, రెండు రోజులు తేలికైన ఆహారం, బాగా నీళ్లు. మూడో రోజుకు విరేచనం గట్టిపడింది.

మా ఇంట్లో ఇంకా పాకుతున్న మనవడున్నాడు. వాడి గురించి వైద్యురాలు తనంతట తానే అడగడం ఈ ఆసుపత్రి మీద నా గౌరవాన్ని రెట్టింపు చేసింది. కుక్కపిల్ల బాగానే ఉన్నా, పచ్చి మాంసం నుంచి వచ్చిన సాల్మొనెల్లా దాని విరేచనంలోనూ లాలాజలంలోనూ కొంతకాలం ఉండవచ్చు, ఒక్కోసారి వారాల పాటు. అయిదేళ్ల లోపు పిల్లలకు, గర్భిణులకు, వృద్ధులకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు అది ప్రమాదం. అందుకని గవ్వను వాడి ముఖం, చేతులు నాకనివ్వొద్దు. విరేచనాన్ని చేతి తొడుగులతో వెంటనే తీసేయాలి. గిన్నెలను రోజూ సబ్బుతో కడగాలి. మాంసం ఈడ్చిన నేలను ముందు సబ్బునీళ్లతో కడిగి, తర్వాత క్రిమిసంహారిణితో తుడిచి, ఆరాకే పిల్లలిద్దరినీ అక్కడికి వదలాలి. చేతులు 20 సెకన్లు సబ్బుతో రుద్దాలి. ఇవన్నీ ఆవిడ నాకు కాదు, నేరుగా మా అబ్బాయికి, కోడలికి చెప్పారు. ఇంట్లో ఆ పనులు చేసేది ఎవరో ముందే అడిగి తెలుసుకున్నారు.

నోట్లోది వదిలించే పద్ధతి కూడా అక్కడే నేర్పారు. వెంటపడి లాక్కోబోతే కుక్కపిల్ల ఇంకా తొందరగా మింగుతుంది, రేపటి నుంచి తిండి దగ్గరికి ఎవరొచ్చినా గుర్రుమంటుంది. దానికి ఇంకా ఇష్టమైనదేదో చూపించి మార్పిడి చేసుకోవాలి. నర్సు ఒకరు గవ్వతో బొమ్మ పట్టించి, చిన్న తినుబండారం చూపించి వదిలించారు. మా కోడలు ఇప్పుడు రోజూ ఆ సాధన చేయిస్తోంది.

వేచి ఉండే గదిలో ఒకాయన తన కుక్కలకు పచ్చి మాంసమే పెడతానని, పూర్వం కుక్కలు అడవిలో వండుకుని తిన్నాయా అని మా అబ్బాయితో వాదించారు. లోపలికి వెళ్లాక వైద్యురాలిని అదే అడిగాం. ఆవిడ ఎవరినీ చులకన చేయలేదు. అమెరికా ఆహార, ఔషధ సంస్థ 2010–2012 మధ్య పెంపుడు జంతువుల ఆహారాన్ని పరీక్షించినప్పుడు, 196 పచ్చి ఆహార నమూనాల్లో 15 చోట్ల సాల్మొనెల్లా, 32 చోట్ల లిస్టీరియా అనే మరో హానికర బ్యాక్టీరియా దొరికాయని చెప్పారు. ఎదిగే పిల్లకు ఇంకో చిక్కూ ఉందన్నారు. వట్టి మాంసంలో ఫాస్ఫరస్ ఎక్కువ, కాల్షియం చాలా తక్కువ. అదొక్కటే రోజూ పెడుతూ పోతే ఒళ్లు ఎముకల్లోంచి కాల్షియం లాక్కుంటుంది. ఎముకలు పలచబడి వంగుతాయి, విరుగుతాయి. ఒకసారి దొంగతనంగా తిన్నదానికి ఆ భయం లేదు. పిల్ల ఇష్టంగా తింటోందని దాన్నే అలవాటు చేయడంలోనే ముప్పుంది.

లోపాలు కూడా రాయాలి. రాత్రి నంబరుకు చేస్తే ముందు రికార్డు చేసిన మాటలు చాలాసేపు వినిపిస్తాయి. టీకాల ప్యాకేజీ, స్నానాల ప్యాకేజీ అన్నీ చెప్పాక గాని మనిషి పలకరు. పిల్ల ఊపిరాడక కొట్టుకుంటుంటే ఆ మాటలు వినే స్థితిలో ఎవరుంటారు? అత్యవసరానికి ఒకటి నొక్కండి అన్న మాట మొట్టమొదట రావాలి. ఎక్స్‌రే కోసం పిల్లను లోపలికి తీసుకువెళ్లేటప్పుడు ఎంతసేపు పడుతుందో, మత్తు ఇస్తారో లేదో ఎవరూ చెప్పలేదు. మత్తు ఇవ్వలేదని తర్వాత తెలిసింది గాని, అప్పటిదాకా మా కోడలు పడిన ఆందోళన అనవసరమైనది. చివర్లో ఇచ్చిన కరపత్రం అక్షరాలు చీమల్లా ఉన్నాయి. ఫోనులో అంత తేటగా చెప్పిన విషయాలు అందులో నోరు తిరగని వైద్య పదాల కింద కనిపించకుండా పోయాయి. బిల్లు కట్టే చోట తమ దగ్గర అమ్మే ఆహారం సంచి కొనమని కాస్త ఎక్కువగానే ఒత్తిడి చేశారు. వైద్యురాలు రాయని దాన్ని నేను కొనలేదు.

ఈ నాలుగు విషయాలూ వాళ్ల సలహాల పుస్తకంలో రాసి సంతకం చేసి వచ్చాను. నర్సు అడిగిన ప్రశ్నలను అదే వరుసలో, అవే మాటల్లో, పెద్ద అక్షరాలతో ఒక్క కాగితం మీద అచ్చువేసి, కుక్కపిల్లను తెచ్చుకున్న ప్రతి ఇంటికీ మొదటి టీకా రోజునే ఇవ్వమని కోరాను. ఫోను పక్కన అతికించుకుంటే ఎవరైనా భయంలో కూడా చదవగలుగుతారు. ప్రస్తుతానికి అయిదుకు నాలుగు నక్షత్రాలు ఇస్తున్నాను. రాత్రి నంబరు, ఆ కాగితం రెండూ సరిచేస్తే అయిదోదీ ఇస్తాను. గవ్వ మిగతా టీకాలు మాత్రం ఇక్కడే వేయిస్తున్నాం.